రేడియేటర్‌కు కల్లుబుర్ర బిరడా

భద్రాచలం నుంచి బస్తర్‌కు కారులో వెళ్లేవాళ్లు ఎక్కువగా జలపాతాలు చూడటానికి వెళ్తారు. నేను మా చెల్లెలికి గాజులు తొడగడానికి వెళ్లాను. రమ బచేలిలో ఉంటుంది. దాని భర్తకు అక్కడి ఇనుప గనిలో ఉద్యోగం, అత్తగారివాళ్లు శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి ఆ టౌన్‌షిప్‌లో స్థిరపడ్డవాళ్లు. సీమంతంలో మొదటి గాజులు పుట్టింటివాళ్లే తొడగాలి. మా అమ్మానాన్నలు ఇద్దరూ లేరు కాబట్టి ఆ పుట్టిల్లు ఇప్పుడు నేను ఒక్కదాన్నే. ముహూర్తం మధ్యాహ్నం ఒంటిగంట వరకు. ఆలోపు నేను చేరకపోతే అత్తగారు తన గాజులు తొడిగేస్తారు. అందులో ఆవిడ తప్పేమీ ఉండదు. కానీ వచ్చిన ముత్తయిదువలందరి ముందూ తనకు పుట్టిల్లు లేదని రమకు అనిపిస్తుంది. ఆ ఊహే నాకు భరించరానిదిగా ఉంది.

అందుకే తెల్లవారకముందే బయల్దేరాం. డ్రైవింగ్ నాది. మా ఆయన పక్క సీట్లో కూర్చుని నిద్రపోవడంలో ఆరితేరిన మనిషి. వెనక సీట్లో మట్టిగాజుల పెట్టె, చీర, చలిమిడి డబ్బా. చింతూరు దాటి కుంటకు చేరేసరికి ఏడయింది. మీరు వెళ్తే టీ, టిఫిన్లు కుంటలోనే కానివ్వండి, తర్వాత చాలాసేపు అడవే. మేం టీ తాగుతుంటే కారు కింద ఒక్కొక్క చుక్కగా ఆకుపచ్చ నీళ్లు పడటం కనిపించింది. వంగి చూస్తే రేడియేటర్ అడుగున, నీళ్లు వదిలేయడానికి ఉండే ప్లాస్టిక్ ప్లగ్ దగ్గర చెమ్మ. డ్రెయిన్ ప్లగ్ అంటారు దాన్ని. "చుక్కే కదా, బచేలి వెళ్లాక చూపిద్దాంలే" అన్నారు మా ఆయన. నా చేతులు ఊరుకుంటేగా. టీ కొట్టతని దగ్గర ప్లయర్ అడిగి తీసుకుని గట్టిగా ఒక తిప్పు తిప్పాను. టక్‌మని చిన్న చప్పుడయింది. చుక్క ఆగిపోయింది. చూశారా అన్నట్టు మా ఆయన వైపు చూశాను కూడా.

దోర్నపాల్ ఇంకా కాస్త దూరం ఉందనగా వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. వెంటనే ఏసీ ఆపేసి, నెమ్మదిగా ఊళ్లోకి తెచ్చి, రోడ్డు పక్కన రేకుల షెడ్డు కనబడగానే ఆపేశాను. బానెట్ ఎత్తేసరికి ఆవిరి. ప్లగ్ తల ఎక్కడో దారిలో రాలిపోయింది, మర మాత్రం లోపల ఇరుక్కుపోయింది, కూలెంట్ మొత్తం రోడ్డు పాలైంది. షెడ్డు మెకానిక్ జోగయ్యది కుంట దగ్గరి ఊరు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, మధ్యమధ్యలో హిందీ దొర్లుతుంది. టార్చి వేసి కిందికి చూసి నవ్వాడు.

"ఏందక్కా, ప్లయర్‌తోటి తిప్పిన్రా?"

"కారుతోందని కొంచెం బిగించాను."

"చేత్తోటి తిప్పేదాన్ని ప్లయర్‌తోటి తిప్పితే ఇరగదా మరి. దీని సామాన్ ఈడ దొరకది. జగదల్‌పూర్ పోవాలె, పోయి వచ్చేసరికి సాయంత్రమైతది."

సాయంత్రమంటే ముహూర్తం పోయినట్టే. ఇంకో బండి మాట్లాడుకుందామని రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆ రోజు సంత. ఊళ్లో ఉన్న జీపులన్నీ జనాన్ని దింపుతూ, మళ్లీ ఎక్కించుకోవడానికి వెళ్తూ ఉన్నాయి. ఇద్దరు డ్రైవర్లను అడిగితే, సంత విడిచేదాకా ఎక్కడికీ రామన్నారు. తిరిగొచ్చేసరికి జోగయ్య పాత స్క్రూడ్రైవర్‌ను ఎర్రగా కాల్చి, ఇరుక్కున్న ప్లాస్టిక్ ముక్కలో గుచ్చి, చల్లారాక మెల్లగా తిప్పి మరను బయటికి లాగేశాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ కన్నం మూసేదేది? పాత జీపు ప్లగ్ పెట్టి చూశాడు, పట్టలేదు. కర్రపుల్ల చెక్కి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కొట్టాడు. నీళ్లు పోస్తే చుట్టూ కారాయి. "ఎండు కర్ర గదా, నానాలె, ఉబ్బాలె. టైం పడతది" అన్నాడు. నా దగ్గర లేనిదే టైం.

ఇంతసేపూ మా ఆయన షెడ్డు నీడలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కనే ఒక పెద్దామె, సంతకు తెచ్చిన పెద్ద సొరకాయ బుర్ర ముందు పెట్టుకుని కూర్చుంది. అందులో జీలుగు కల్లు, ఇక్కడివాళ్లు సల్ఫీ అంటారు. ఆయన చూపు కారు మీద కంటే ఆ బుర్ర మీదే ఎక్కువగా ఉందని నాకు ఒళ్లు మండుతోంది. ఉన్నట్టుండి, "ఇదిగో, ఆ బుర్ర బిరడా చూడు. నానీ నానీ ఉబ్బే ఉంది, కొసన సన్నంగా కూడా ఉంది" అన్నారు.

జోగయ్య చూసి, కొలత సరిపోయేలాగే ఉందన్నాడు. నేను వెంటనే ఆమె దగ్గర కూర్చుని బిరడా ఇమ్మని అడిగాను. ఆమెది జగర్గుండా రోడ్డు మీద ఊరు. మాట సగం తెలుగు, సగం దోర్లి, అంటే అక్కడి కోయ యాస.

"బిరడా ఇస్తే నా కల్లేం గావాలె? సంతల ఒలికిపోదా?"

"కల్లంతా నేనే కొంటానమ్మా. పారబోసి బిరడా తీసుకుంటాను."

ఆమె బుర్రను దగ్గరికి లాక్కుంది. "పారబోసుడేంది? చెట్టు ఇచ్చింది తాగాలె. నువ్వు కొంటే నువ్వు పోయించు, అందరు తాగుతరు. బుర్ర ఖాళీ అయినంక బిరడా నీదే."

జోగయ్య కూడా అదే మాట అన్నాడు. కల్లు నేల మీద పోసేది ఒక్క చుక్కే, అదీ పెద్దల పేరున. మిగిలింది పంచుకోవాలి, కొన్నవాళ్లు ముందు నోట పెట్టాలి. అలా నా చెల్లెలి ముహూర్తం ఒక బుర్ర కల్లు ఖాళీ కావడం మీద ఆధారపడింది. ఆకు దొప్పల్లో పోసి చుట్టుపక్కలవాళ్లను పిలిచాం. వాళ్లు తాపీగా వచ్చి, తాపీగా గొంతుక్కూర్చుని, తాపీగా తాగారు. నేను డ్రైవర్ని కాబట్టి నాలుకకు తగిలించి దొప్ప పక్కవాళ్లకు ఇచ్చేశాను. మా ఆయన మాత్రం ఇంటి పరువు తన భుజాల మీద ఉన్నట్టు మూడోసారి దొప్ప చాపారు. త్వరగా తాగండి అని ముక్కూ మొహం తెలియనివాళ్లను బతిమాలిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

"ఎందుకంత తొందర?" అని పెద్దామె అడిగింది. చెప్పాను. చెల్లెలి సీమంతం, గాజులు, అమ్మ లేదు. ఆమె వెంటనే లేచింది. బుర్ర ఎత్తి, ఇంకా తాగనివాళ్లను పేర్లతో కేకేసి పిలిచింది. ఐదు నిమిషాల్లో బుర్ర ఖాళీ.

ఇంజిన్ కూడా అప్పటికి చల్లబడింది. ఎలాగూ అంతసేపు ఆగాల్సిందేనని జోగయ్య అంటే ఒప్పుకోక తప్పలేదు. బిరడాకు పల్చగా ట్యూబు రబ్బరు చుట్టి, రేడియేటర్ పగలకుండా చిన్నగా కొట్టి, ఊడిపోకుండా ఇనుప తీగతో కట్టాడు. నీళ్లు పోసి అందరం కింద పడుకుని చూశాం. ఒక్క చుక్క రాలేదు. "పైమూత పూర్తిగ బిగించకు అక్కా, ప్రెషర్ వస్తే ఇది ఎగిరిపోతది. ఆగుకుంట, నీళ్లు చూసుకుంట, ఆస్తె ఆస్తె, నిదానంగ పో" అన్నాడు.

సుక్మా దాటి, గాదిరాస్ మీదుగా నకుల్‌నార్ వైపు తిరిగాం. రోడ్డు బాగుంది, అదే నన్ను ఇంకా ఏడిపించింది. ఖాళీ రోడ్డు మీద ఎడ్లబండిలా వెళ్లాలి. ముల్లు లేస్తే ఆగాలి, మూత ముట్టుకోకుండా చల్లారేదాకా నిలబడాలి, నీళ్లు పోయాలి. మూడోసారి ఆగినప్పుడు పన్నెండు దాటింది. ఇక అందుకోలేమని అర్థమైంది. రోడ్డు పక్కన నిలబడి, సిగ్నల్ దొరకగానే ఫోన్ చేశాను. ఎత్తింది రమ అత్తగారు.

"అత్తయ్యగారూ, మేం చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. మీ గాజులు మీరు తొడిగేయండి. దాన్ని బాధపడొద్దని చెప్పండి."

ఆవిడ వెంటనే, "నానెందుకు తొడుగుతాను? పుట్టింటోళ్లు దార్లో ఉండగా. ముహూర్తానికి ఇల్లేటి, రోడ్డేటి? నకుల్‌నార్ దగ్గరే కదా, అక్కడికి రండి. మేం ఎదురొస్తన్నాం" అని ఫోన్ పెట్టేశారు.

నకుల్‌నార్‌లో టీ కొట్టు ముందు కారు ఆపేసరికి ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలు ఉంది, ఒక జీపు అప్పటికే వచ్చి ఉంది. రమ పట్టుచీరలో, పూలజడతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అత్తగారి చేతిలో పసుపు కుంకుమల పళ్లెం, వెనక నలుగురు ముత్తయిదువలు. టీ కొట్టతను స్టవ్ ఆపేసి చూస్తున్నాడు. నా చేతులకు గ్రీజు. కొట్టు ముందు కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుని, రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గాజులు తొడిగాను. లారీలు వెళ్తుంటే మధ్యలో ఆగి మళ్లీ తొడిగాను. "అక్కా, నువ్వు రావేమో అని కాదు, ఆ రోడ్డు మీద ఎక్కడ ఆగిపోయావో అనే భయం" అంది రమ. నేను ఏడ్చాను. ఏడవకూడదని ముత్తయిదువలు మందలించారు. చలిమిడి టీ కొట్టతనికి కూడా పెట్టాం.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. డ్రెయిన్ ప్లగ్, దాని రబ్బరు వాషర్ ఒక జత కొని డ్యాష్‌బోర్డులో పడేసుకోండి, టిఫిన్ ఖర్చు కూడా కాదు. దాన్ని ఎప్పుడూ వేళ్లతోనే బిగించండి.

ఆ పూటంతా నేను పుట్టింటిని మోసుకుని వెళ్తున్నాననే అనుకున్నాను. ఆలస్యమైతే అది ఉండదని భయపడ్డాను. నేను కదలలేక నిలబడిపోయినప్పుడు, ఎనిమిదో నెల కడుపుతో రమ, దాని వెనకే వాళ్ల అత్తగారు నాకు ఎదురొచ్చారు. బచేలి క్వార్టర్‌కు చేరేసరికి రెండు దాటింది. గుమ్మం దగ్గర అత్తగారు నన్ను ఆపి, నీళ్ల చెంబు అందించి, "కాళ్లు కడుక్కోమ్మా, ఇది మీ ఇల్లే" అన్నారు.