నాన్న ఛాతీలో గులకరాయి

పై వాటాలో నాలుగు రోజులుగా నాపరాళ్ళు కోస్తున్నారు. వేడెక్కిన రంపం కింద నుంచి లేచే ఆ కాలిన సున్నంలాంటి వాసన, కిటికీలు మూసినా సందుల్లోంచి దూరి, నరసరావుపేటలోని ఈ ఇంట్లో నన్ను మళ్ళీ పదకొండేళ్ళ పిల్లను చేసి కూర్చోబెడుతోంది. ఇవాళ మధ్యాహ్నం ఆ కోసే మనిషి, నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా, గుమ్మంలో నిలబడి, "అక్కా, కాస్త బెల్లం ముక్క ఉంటే పెట్టు, గొంతంతా దుమ్మే" అన్నాడు. వంటింట్లో బెల్లం డబ్బా మీద చెయ్యి వేసి కదల్లేకపోయాను. పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పేదాన్ని, నాకు ఆ డబ్బా అంటే ఇప్పటికీ భయం.

మాచర్లలో మా నాన్న నాపరాళ్ళ ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేసేవాడు. ఎండాకాలం ఆ దుమ్ము వేపచెట్ల చిటారుకొమ్మల దాకా పట్టేది, వానలు మొదలైతే రేకుల మీద గట్టిగా పేరుకునేది, మేం అచ్చనగాయలాడే రాళ్ళు కూడా అక్కడి ముక్కలే. పొద్దుగూకేవేళ నాన్న కనురెప్పలతో సహా తెల్లబడి అరుగు మీద కూలబడితే, నాయనమ్మ ముందు చెంబుడు నీళ్ళు, తర్వాత నిమ్మకాయంత బెల్లం ముక్క చేతిలో పెట్టేది. "తినరా, దుమ్మంతా కడుపులోకి లాగేస్తది" అనేది. రాళ్ళ పనివాళ్ళ ఇళ్ళలో అందరికీ అదే మందు. అందులో సగం కొరికి నాన్న నాకు పెట్టేవాడు. అమ్మ నేను పాకే వయసులోనే పోయింది, నాకున్నది వాళ్ళిద్దరే.

తొలి ఏకాదశి మర్నాడు మా సైన్సు మాష్టారు కరీముల్లా సారు గ్రహాల పాఠం చెప్పారు. మేం పొట్లాలు కట్టుకొచ్చిన పేలపిండి ఆయన కంటపడింది. బెల్లం కలపని పొడి పిండి అరచేతిలో పోసుకుని ఉఫ్ మని ఊదితే ముందు బెంచీ వాళ్ళ మొహాలు తెల్లబడ్డాయి. బెల్లం కలిపింది పిడికిట్లో నొక్కితే ఉండ కట్టింది.

"సూర్యుడు కొత్తగా పుట్టినప్పుడు చుట్టూ పళ్ళెంలాగా గాలీ దుమ్మూ తిరగతా ఉండేయిరా. దుమ్ముకి దుమ్ము ఇట్టా అతుక్కుని గులకరాయి అయింది, గులకరాళ్ళు గుట్టలయినయి, గుట్టలు గుద్దుకుని భూమి అయింది. అక్కడ బెల్లమేం లేదులే, సన్నదుమ్ము దానంతటదే అతుక్కుంటది. గులకరాయి దాకా బిరబిరా అయిపోద్ది. ఆ తర్వాతే కష్టం. గాలి అడ్డం పడి రాయి వేగాన్ని లాగేస్తది, అది సుడి తిరగతా సూర్యుడిలో పడి మాడిపోద్ది. గుంపుగా చేరినయ్యే బతికి బయటపడ్డయి" అన్నారు.

క్లాసంతా పిండి దులుపుకుంటూ నవ్వుతోంది. నేను మాత్రం ఆ ఉండ వంకే చూస్తున్నాను. గాలి, దుమ్ము, బెల్లం. మూడూ మా నాన్న ఛాతీలో ఉన్నాయి! అక్కడ బెల్లం లేదన్న ముక్క నా చెవికెక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న నులకమంచం మీద నిద్రపోతుంటే ఛాతీకి చెవి ఆనించాను. లోపల గరగర. ఊపిరి తీసినప్పుడల్లా ఏదో దొర్లుతున్నట్టే ఉంది. గులకరాయి తయారైపోయిందనుకున్నాను. ఆ భయం ఎవరికి చెప్పాలో కూడా తెలియని భయం. బెల్లం డబ్బా ఎత్తుకెళ్ళి జొన్నల కుండలో అడుగుకంటా పూడ్చేశాను.

నాయనమ్మ ఇల్లంతా గాలించింది. "ఎలకలు బెల్లం తింటయి గానీ డబ్బా ఎత్తుకుపోతయ్యంటే!" అని నా వైపు చూసింది. నాలుగు రోజులు నాన్న వట్టి నీళ్ళే తాగాడు. నాలుగోరోజు సాయంత్రం దగ్గు తెరలు తెరలుగా వచ్చి అరుగు అంచు పట్టుకుని వంగిపోయాడు. ఇక ఆగలేకపోయాను.

"నాన్నా, నీ ఛాతీలో రాయి పెరగతంది. బెల్లం నేనే దాచా" అని బావురుమన్నాను.

పేలపిండి సంగతంతా విని నాన్న పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. నాయనమ్మ "పాడు మాటలు, నీ నోట్లో మన్ను పడ" అని తిట్టింది. నాన్న మాత్రం నావంక అదోలా చూశాడు.

సోమవారం పని మానేసి ఒక్కడే బస్సెక్కి నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళాడు. నేను బడికి పోలేదు, అన్నం సయించలేదు, వీధిమొగలో ప్రతి బస్సుకూ లేచి నిలబడ్డాను. దీపాలు పెట్టేవేళకు వచ్చాడు.

"రాయీ లేదు, రప్పా లేదు. డాక్టరు కూడా నవ్వాడే బుజ్జమ్మా" అని బెల్లం కొరికి సగం నా నోట్లో పెట్టాడు. ఎంత హాయిగా నమ్మానో! ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అదే మిషను మీద పనిచేసి, నా చదువు పూర్తయ్యేదాకా ఉండి, పోయాడు.

ఆయన పోయాక ట్రంకుపెట్టెలో కాగితాల అడుగున ఓ పెద్ద కవరు దొరికింది. ఎక్స్‌రే ఫిల్ము. ఆ సోమవారం తేదీ. కిటికీకి ఎత్తి చూస్తే రెండు వైపులా పేలపిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. రాయి లేదన్న మాట నిజమే. ప్రాణం తీయడానికి దుమ్ము రాయి కానక్కర్లేదని ఆయనకు ఆ రోజే చెప్పి ఉంటారు.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. కొత్త నక్షత్రాల చుట్టూ తిరిగే ఆ దుమ్ముపళ్ళేల ఫోటోలు ఇప్పుడు ఫోన్లోనే కనిపిస్తాయి. పేలపిండి అంటే ఏందని అడిగే పిల్లలే ఎక్కువ. కరీముల్లా సారు లేరు, నాయనమ్మ లేదు, ఫ్యాక్టరీ రేకులు కూడా ఎవరో విప్పుకుపోయారు. దుమ్ము మాత్రం ఉంది.

గుమ్మంలో అతను ఇంకా నిలబడే ఉన్నాడు. బెల్లం చేతిలో పెట్టి, "బెల్లంతో పోయేది కాదయ్యా, మూతికి గుడ్డ కట్టుకో, నీళ్ళు పోసి కొయ్యి. ఒకసారి ఎక్స్‌రే తీయించుకో" అన్నాను.

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది.

"తీయించా అక్కా. మా ఇంట్లో ఆడపిల్ల ఉంది, దానికి చెప్పలా, గట్టిగా అనమాక" అన్నాడు.