సలీమా గ్లాసు

ఐర్లాండ్‌లోని లూకన్‌లో శ్రీధర్‌గారింటికి రోజూ పొద్దున్నే వెళ్లి, వాళ్లమ్మ మంగాదేవిగారికి స్నానం చేయించి టిఫిన్ పెట్టడం నా పని. వాళ్ల వంటింటి అలమరలో ఒక ఇత్తడి గ్లాసు విడిగా బోర్లించి ఉండేది. మా ఊరి టీ కొట్లో మా పేటవాళ్లకి అలాగే గ్లాసులు వేరుగా పెట్టేవాళ్లు. ఐర్లాండ్ వచ్చినా ఈ మార్తాకి అదే మర్యాదా అని ఒళ్లు మండింది. మొన్న ఆ గ్లాసు తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది నాకోసమేనా మామ్మగారూ?"

"నీకు కాదమ్మాయ్. సలీమాది."

దేశం రెండు ముక్కలైనప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్లు. తండ్రి అమృత్‌సర్ స్టేషన్లో గుమాస్తా. పక్కింటి సలీమా వాళ్లు పాకిస్తాన్ వెళ్లే రైలెక్కారు.

"ప్లాట్‌ఫారం మీద ఈ గ్లాసుతోనే నీళ్లు తాగుతున్నా. సలీమా రైలు కిటికీలోంచి చెయ్యి చాపి, నాకూ కాసిని పొయ్యమంది. తురకలకిస్తే గ్లాసు మైలపడుతుందని, అమ్మ తిడుతుందని ఇవ్వలేదు. ఆ రైల్లో ఒక్కళ్లూ ప్రాణాలతో లాహోర్ చేరలేదుట. అప్పట్నుంచీ దీన్ని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు."

జాలేసింది. ఒళ్లు మంట మాత్రం తగ్గలేదు. డెబ్బై ఎనిమిదేళ్లు గడిచినా ఆ పిల్ల గ్లాసు వేరుగానే ఉంది.