ఒకే చిరునామాలో ముప్పై నాలుగు ఇళ్లు

పదో తరగతి దాకా నేను చదివిన బడి నానక్‌రామ్‌గూడలో ఉంది. అప్పట్లో నాకు లెక్కలు చెప్పిన మేడమే ఇప్పుడక్కడ ప్రధానోపాధ్యాయురాలు. ఒకరోజు రాయదుర్గంలో ఆఫీసు అయ్యాక షేర్ ఆటోలో వెళ్తూ బడి దగ్గర దిగి పలకరించాను. మాటల్లో సైన్స్ డే సంగతి వచ్చింది. కిందటేడు పిల్లలు తాము చేసిన నమూనాల పక్కన పొద్దుటి నుంచి నిలబడితే, తల్లిదండ్రులు పట్టుమని పదిమంది రాలేదట.

"ఈసారీ రాకపోతే మానేస్తాను నాన్నా. పిల్లలు గుమ్మం వైపు చూస్తూ నిలబడటం మళ్లీ చూడలేను."

"వాట్సాప్ గ్రూపు ఉంది కదా మేడం?"

"ఉంది. మేం నోటీసు పెట్టిన పది నిమిషాలకి దాని మీద నలభై గుడ్ మార్నింగ్ పువ్వులు పడతాయి."

ఇంటికొక ఈమెయిల్ ఉత్తరం పంపుదామన్నాను. కాగితం మీద ఐదు పనులు రాసుకున్నాను. ఒకటి, అడ్మిషన్ ఫారాల్లోంచి మెయిల్ చిరునామాలు ఎక్కించడం. రెండు, అందులో తప్పులు సరిచేయడం. మూడు, ఒకే చిరునామా మళ్లీ మళ్లీ ఉంటే ఒకటి ఉంచి మిగతావి తీసేయడం. నాలుగు, ప్రతి ఉత్తరంలో ఆ ఇంటి పిల్లల పేరు, వాళ్లు చేసిన నమూనా పేరు వచ్చేలా చూడటం. ఐదు, ముందు నాకూ మేడంకూ పంపి సరిచూసుకోవడం. మూడో పనిని కంప్యూటర్ ఒక్క క్షణంలో చేసేసింది. సోమవారం పొద్దున ఉత్తరాలు పంపి, ఎంతమంది తెరిచారో చూపించే పేజీని భోజనాల వేళకే మూడుసార్లు చూశాను.

బుధవారం మేడం ఫోన్ చేశారు. ఉత్తరం రాసిన మనిషి కావాలంటూ ఎవరో వచ్చారట. సాయంత్రం వెళ్లాను. బడి వీధి చివర జిరాక్స్ షాపు నడిపే అతను తన ఫోను నా ముందు పెట్టాడు. 'మీ అమ్మాయి ఇసుకతో నీళ్ల ఫిల్టర్ చేసింది. శనివారం చూడటానికి రండి' అని నేను రాసిన ఉత్తరమే.

"అన్నా, నాకింక పెండ్లే కాలే. మీరేమో ఆరో తరగతి పిల్లను చేతిల పెట్టిన్రు. మా అమ్మ సూస్తే ఎంత పరేషాన్ అయితది?"

మేడం నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం అర్థం కాలేదు.

"మీ ఫారాలు నింపేది నేనే గదా," అన్నాడతను. "మెయిల్ లేనోళ్లకు ఏం రాస్త? ఫారంల ఆ డబ్బా ఖాళీగ ఉంటే బడి ఆఫీసోళ్లు వాపస్ ఇస్తరు. గందుకే నాది రాసిన."

"ఎందరికి?"

"నన్నడుగుతవేంది? లెక్క నీ దగ్గరే ఉంటది."

అసలు జాబితా తెరిచి చూశాను. అతని చిరునామాతో ముప్పై నాలుగు వరసలున్నాయి. మొదటిది ఉంచి ముప్పై మూడు ఇళ్లను నేనే తుడిచేశాను. వాచ్‌మన్లు, ఆటో డ్రైవర్లు, ఆఫీసు టవర్లలో గదులు ఊడ్చే తల్లులు. మేడం ఎదురుచూస్తున్నది ముఖ్యంగా వాళ్ల కోసమే. ఆవిడ ఒక కుర్చీ లాగి నా ముందు వేశారు. తరగతిలో నా లెక్క తప్పినప్పుడు కూడా ఇలాగే, నేనే దిద్దుకునేదాకా పక్కన నిలబడేవారు.

"ఫికర్ ఎందుకన్నా, అన్నీ నాకే పంపు," అన్నాడు షాపతను. "ప్రింట్ తీసి ఎవరిది వాళ్లకిస్త. రీఛార్జికో, ఆధార్ కాపీకో ఎట్లైనా నా దగ్గరికే వస్తరు."

అక్కడే కూర్చుని తీసేసిన వరసలన్నీ తిరిగి పెట్టాను. ముప్పై నాలుగు ఉత్తరాలు ఒక్క చిరునామాకే వెళ్లాయి.

శనివారం పదిన్నరకల్లా హాలు నిండింది. చాలామంది చేతుల్లో మడిచిన కాగితాలున్నాయి. ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన తన కాగితం నాకు చూపించాడు.

"సార్, ఇందుల మా బిడ్డ పేరున్నది. ఈ ఫిల్టర్ యాడుంది?"

తీసుకెళ్లి చూపించాను. ఆ అమ్మాయి తండ్రి ముందు బురద నీళ్లు పోసింది. అడుగు నుంచి తేట నీళ్లు చుక్కలు చుక్కలుగా దిగాయి. "మల్ల పొయ్యి," అన్నాడాయన. పోసింది. మూడోసారి ఆయనే చెంబు అందుకున్నాడు.

ఉత్తరాలు తెరిచినవాళ్లను చూపించే నా పేజీలో ఆ ముప్పై నాలుగు ఇళ్లూ ఇప్పటికీ ఒక్క మనిషి కిందే కనిపిస్తాయి. ఆఫీసులో ఎన్నో పెద్ద పనులు చేశాను గానీ, ఎవరైనా అడిగితే ముందు ఈ పని గురించే చెబుతాను.

ఆ రోజు గేటు దగ్గర మేడం నన్ను ఆపారు.

"వచ్చే ఏటికి ఈ హాలు సరిపోదు నాన్నా. మేడ మీద షామియానా వేయిద్దామా?"