బావ పోసిన పగలని నేల

మా బావది కాంక్రీటు పరీక్షించే ఉద్యోగం. దిమ్మల్ని యంత్రంలో పెట్టి నలగ్గొట్టి, ఎంత బరువుకు పగిలాయో చూడటం ఆయన పని. ఆ పనేదో ఆఫీసులోనే చేసుకుంటే ఏ గొడవా లేదు. కానీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కార్డు ఉంటుంది. దాని మీద సన్నవీ లావుపాటివీ గీతలు. పగులు పక్కన పెట్టి చూస్తే, ఏ గీతతో సరిపోతే పగులు అంత వెడల్పన్నమాట. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు అందేలోపే ఈయన గోడ దగ్గర ఉంటాడు. చావు పరామర్శకు వెళ్లి కిటికీ మూల కొలిచిన మహానుభావుడు! అందరూ పగుళ్ల డాక్టరంటారు. ఆయన అది బిరుదనుకుంటాడు.

పెళ్లి కుదిరిన కొత్తలో మా ఇంటికొచ్చి, అక్క కుట్టు నేర్పే గది గోడ మీద వెంట్రుకంత గీత కనిపెట్టాడు. ఆ గదిలో మనుషుల్ని కూర్చోబెట్టొద్దని తీర్పు చెప్పాడు. కాబోయే అల్లుడి మాటకు నాన్న హడలిపోయి మర్నాడే క్లాసు మూయించాడు. అక్క మిషన్లు మూలన పడ్డాయి. నాకా మంట ఇంకా చల్లారలేదు.

పెళ్లయ్యాక అక్క ఏళ్ల తరబడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, చివరికి బావ తన ఇంటి ముందు కుట్టు క్లాసుకో హాలు కట్టడానికి ఒప్పుకున్నాడు. టైల్స్ వేద్దామంది అక్క. ససేమిరా అన్నాడు. సన్నటి ఉక్కు తీగముక్కలు కలిపిన గట్టి కాంక్రీటు పోస్తాడట, ఇక పగులన్న మాటే ఉండదట. మామూలుగా నేల పోశాక మర్నాడు వరసగా కోతలు కోస్తారు, కాంక్రీటు కుంచించుకున్నప్పుడు ఆ కోతల దగ్గరే విడిపోవాలని. కోయనివాళ్లని సైట్లలో నోటికొచ్చినట్టు తిట్టేది ఈయనే. సొంత నేల దగ్గరికొచ్చేసరికి అందం పోతుందని కోతలే వద్దన్నాడు. అంతా ఉక్కుముక్కలే చూసుకుంటాయట.

అంత గట్టి కాంక్రీటులో సిమెంటు ఎక్కువ, నీళ్లు తక్కువ. ఆ కాస్త నీళ్లూ సిమెంటే తాగేసి లోలోపల కుంచించుకుపోతుంది. అందుకే పోసి నున్నగా చేయగానే తడి గోనెలు కప్పాలి. ఈ పాఠం భోజనాల దగ్గర విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి. మరి నేల పోసిన రోజు ఏం చేశాడనుకున్నారు? తను గోడలు కొలిచి అవమానించిన బంధువులందర్నీ పిలిచి, నేల మెరుపు చూపిస్తూ మధ్యాహ్నమంతా గుమ్మంలో ఉపన్యాసం దంచాడు. వాళ్లకు ఉక్కపోయకూడదని ఫ్యాన్లు కూడా పెట్టించాడు. తడి గోనెలతో నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఫోటోలయ్యాక కప్పుదువులే అన్నాడు.

తర్వాత హాలుకు తాళం వేశాడు. ఇంకా గట్టిపడాలంటూ ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. క్లాసు మొదలయ్యే రోజు తీయక తప్పలేదు. అమ్మాయిలు గేటు దగ్గర నిలబడ్డారు, నాన్న కూడా వచ్చాడు. లోపల కొత్త చాప పరిచి ఉంది. మిషను పెట్టడానికి అక్క చాప లాగింది. స్తంభం మూల నుంచి గుమ్మం దాకా గీత.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇవాళ వద్దన్నాడు. నేల పగలగొట్టి మళ్లీ పోయిస్తానని, క్లాసు సంగతి తర్వాత చూద్దామని అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క ఆయన జేబులోంచి కార్డు తీసింది. వంగి గీత పక్కన పెట్టి చూసింది.

“నాన్న గోడకున్నదీ ఇంతేనండీ,” అంది.

బావ నీళ్లు నమిలాడు. “అదీ ఇదీ ఒకటి కాదు. ఇందులో ఉక్కు పట్టి ఉంచుతుంది. ఇది ఇంతకన్నా పెరగదు, భయమేం లేదు.”

“ఆ గోడదీ పెరగలేదు. పుట్టింటికెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను.”

నాన్న తలెత్తలేదు, క్లాసు మూయించింది తనే కదా. అక్క మిషన్ని సరిగ్గా ఆ గీత మీదకు జరిపి, అమ్మాయిల్ని లోపలికి రమ్మంది. కార్డు మిషను సొరుగులో పడేసింది. బావ ఇప్పటిదాకా అది ఇమ్మని అడగలేదు.