అత్తగారి అద్దం వైద్యం

ఊగుతున్న బండి అద్దం కంటబడితే అత్తగారి చేతులు ఊరుకోవు. అల్లుడి సరుకుల వ్యానుకి ఎడమవైపు అద్దం వదులైనప్పటినుంచీ ఆవిడ వంటిల్లే వైద్యశాల అయింది. మైదాపిండి జిగురు, కొవ్వొత్తి మైనం, పాత లంగా బొందు, అరిగిన చెప్పులోంచి కోసిన రబ్బరు ముక్క... వాడని మందు లేదు.

అన్ని మందులకూ పథ్యం మాత్రం ఒక్కటే. "ఆరేదాకా బండి కదపకూడదు. ఈలోగా కాస్త తిను, బాబూ."

భార్య పోయాక అల్లుడు అద్దె ఇల్లు ఖాళీ చేసి వ్యానులోనే పడుకుంటున్నాడు. తిండి గుర్తొస్తే తినడం, లేకపోతే లేదు. అత్తగారింటికి రావాలంటే మరీ బెంగ. గడప దాటితే చాలు, పోయిన భార్య లోపలినుంచి పిలుస్తుందేమోనని చెవులు అటే పోతాయి. అయినా వారం తిరక్కుండా అద్దం ఊడి వేలాడేది. "మందు పనిచేసిందా?" అని అత్తగారు ఫోన్ చేసి ప్రాణం తీసేది. రాక తప్పేది కాదు.

మైదా జిగురు మొదటి వానకే కారిపోయింది. లంగా బొందు చూసి ట్రాఫిక్ పోలీసు బండి ఆపాడు.

"ఏంటయ్యా ఇది? అద్దానికి చెయ్యి విరిగిందా?"

"మా అత్తగారు కట్టారండీ."

పోలీసు బొందు ముడిని ఒకసారి లాగి చూశాడు. "అయితే విప్పకు. వెళ్ళు."

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అల్లుడు గట్టిగా అనుకునే వచ్చాడు. దూరపు ఊళ్ళకి సరుకు తోలే పని ఒప్పుకున్నాడు. ఆ మాట చెప్పేసి, ఇంక ఇటు రాకూడదు.

సందు మలుపులోనే ఆగిపోయాడు. గేటు ముందు ఎదురింటి టైలరు బైకు ఉంది. అత్తగారు కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చి, పానా పట్టి, అద్దం కింద నట్టుని రెండు తిప్పులు తిప్పింది. అద్దం బిగిసిపోయింది. టైలరు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అల్లుడు వ్యాను అక్కడే వదిలి, నడిచి ఆవిడ వెనక్కి వచ్చాడు.

"అత్తయ్యా, ఆయనది ఆరక్కర్లేదా?"

ఆవిడ ఉలిక్కిపడి పానాని కొంగు చాటుకి తోసింది. మూరెడు పానా, దాగుతుందా!

"ఆయనకి ఇంట్లో వండిపెట్టే మనిషుంది" అంది నేలచూపులు చూస్తూ.

అల్లుడు లోపలికి నడిచాడు. పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి.

"మీరు తిన్నారా?"

"ఒక్కదాని కోసం ఏం వండుకుంటాను, బాబూ? అమ్మాయి పోయాక, నువ్వొచ్చే రోజే ఈ పొయ్యి వెలిగేది."

దూరపు ఊళ్ళ మాటని అతను అక్కడే మింగేశాడు. చెప్పులు గుమ్మం బయట విడిచొచ్చి, బియ్యం డబ్బా మూత తీశాడు.

"ఇవి నేను కడుగుతాను. మీరు ఆ కుడివైపు అద్దం ఒకసారి చూడండి. అదీ వదులైనట్టుంది."

ఆవిడ తుంపర్లోనే వెళ్ళి ఆ అద్దాన్ని రెండు చేతులా ఊపింది. రాయిలా ఉంది. వెనక్కొచ్చి, మొహం సీరియస్‌గా పెట్టి, మైదా డబ్బా కిందికి దించింది.

"బాగా ముదిరిపోయింది, బాబూ. నెలల తరబడి వైద్యం చెయ్యాలి."