నల్లబడ్డ సిల్వర్ గంజు

వరంగల్ బజారులో మాది గిన్నెల దుకాణం. నాన్న పెట్టింది, ఆయన తర్వాత నేను కూర్చుంటున్నాను. స్టీలు, ఇత్తడి, మా దగ్గర అందరూ సిల్వర్ అని పిలిచే అల్యూమినియం, అన్నీ అమ్ముతాము. గిన్నెను వేలితో కొట్టి, మోతను బట్టి మందం చెప్పగలను. అందుకే గిన్నెల గురించి ఇంకొకరు నాకు చెప్పేదేమీ ఉండదని చాలా ఏళ్లు అనుకున్నాను.

రెండేళ్ల కింద ఒక పొద్దున, షట్టర్ తీసి అగర్‌బత్తీ వెలిగిస్తుండగా ఒక టీచరమ్మ వచ్చింది. రిటైరై చాలా రోజులైంది. నాన్న కాలం నుంచీ మా దగ్గరే కొంటుంది. సంచిలోంచి ఇడ్లీలు ఉడికించే ఒక సిల్వర్ గంజు, దానిలోని ప్లేట్లు తీసి కౌంటర్ మీద పెట్టింది. మూడు నెలల ముందు నేనే ఇచ్చిన సరుకు. పొయ్యి మీద మాడినట్టు కాదు, లోపలా బయటా ఒకే తీరుగా నల్లబడి ఉన్నాయి. ముట్టుకుంటే వేలికి మసి అంటింది.

"సేటూ, గిది జర చూడు. గిట్లెందుకైంది?"

"నీళ్లల్ల ఉప్పెక్కువున్నట్టుంది టీచరమ్మా. మడికొండ దిక్కు బోరు నీళ్లు గంతే."

"గవే నీళ్లల్ల స్టీలుయి మంచిగనే ఉన్నయి గద."

ఇద్దరు గిరాకీలు నిలబడి వింటున్నారు. సరుకులోనే లోపం ఉందనుకుంటారేమోనని నా గొంతు కొంచెం లేచింది. "తోముడు మంచిగ లేకుంటే సరుకేం చేస్తది," అన్నాను. ఆమె గంజులో ప్లేట్లు సర్దుకుని, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం అన్నం తింటూ ఈ సంగతి మా ఇంటామెకు చెప్పాను. ఆమె నన్ను సమర్థిస్తుందనుకున్నాను.

"ఆమె అబద్ధమెందుకు చెప్తది? పోయి చూసి రాండ్రి," అంది.

ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి వచ్చే వేళ చూసుకుని, స్కూటర్ మీద మడికొండ పోయాను. తలుపు తీసి, లోపలికి రమ్మని కుర్చీ చూపించింది.

"మొన్న నేనట్ల అనకుండ ఉండాల్సింది," అన్నాను.

"అన్నవు గద, ఇప్పుడేం జేస్తం. చాయ్ తాగు."

చాయ్ తాగాక వంటింట్లోకి తీసుకుపోయింది. స్టవ్ గట్టు కింద గిన్నెలు కడిగే మిషన్ ఉంది. ఆమెకు భుజం నొప్పి. తోముడు కష్టమవుతుందని హైదరాబాద్‌లో ఉండే కూతురు కొనిచ్చిందట. ఎట్లా వాడుతుందో చూపించమన్నాను. ఆమె ముందు పీచుకు సబ్బు రాసి ఒక ప్లేటును శుభ్రంగా తోమింది. తర్వాత దాన్ని మిషన్‌లో పెట్టింది.

"అన్నీ గిట్లనే తోముతరా?"

"నమ్మబుద్ధి కాదు సేటూ."

"మరి మిషనెందుకు?"

"వాడకుంటె బిడ్డ బాధపడ్తది."

మిషన్ తలుపు లోపలివైపు చిన్న అర ఉంది. అందులో పోసే పొడి డబ్బా తెచ్చి చూపించింది. తడి వేళ్ల మధ్య కొంచెం రుద్దితే సబ్బు కంటే ఎక్కువ జారింది, కాసేపటికి చురుక్కుమంది. మామూలు సబ్బు కాదని అప్పుడే అర్థమైంది. డబ్బా వెనుక అంతా ఇంగ్లీషు. నాకు అంతగా రాదు కాబట్టి చదవమన్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, చదువుతూ తెలుగులో చెప్పింది. ఎంగిలి మెతుకులు గీకి పారేస్తే చాలు, ముందుగా తోమే పని లేదు. కట్టె గరిటెలు, ఇత్తడి, నాన్‌స్టిక్ పూత పెనాలు వేయొద్దు. అల్యూమినియం అసలే వేయొద్దు, నల్లబడుతుంది.

అక్కడ ఆగి కళ్లద్దాలు తీసింది. "ముప్పై ఏండ్లు పిల్లలకు, ప్రశ్న మొత్తం చదివినంకనే జవాబు రాయుండ్రి అని చెప్పిన."

"నేను గిన్నెలమ్మబట్టి నలభై ఏండ్లయింది టీచరమ్మా. నాకూ తెల్వది."

ఇద్దరం కలిసి డబ్బా మీద ఉన్నట్టే చేద్దామనుకున్నాము. ముందు రాత్రి చుట్టాలు వస్తే వాళ్లింట్లో కోడికూర వండారట, ఎంగిలి ప్లేట్లు అట్లాగే ఉన్నాయి. మా ఇంట్లో తినరు. నేను కొంచెం వెనక్కి జరగడం చూసి, ఎముకలున్న ప్లేట్లు ఆమే గీకింది. నేను గిన్నెలు బోర్లించాను. ప్లేట్లను ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాము. పొడి గీత వరకు పోసి అర మూసింది.

ఒక స్టీలు ప్లేటు మాత్రం పక్కన పెట్టింది. దాని అంచు మీద, చనిపోయిన ఆమె భర్త పేరు కొట్టి ఉంది.

"మా పెండ్లికి మీ నాయిన కొట్టిచ్చిండు. మిషన్ల వేస్తె పేరు పోతదని భయం."

"పోదు. అది రాసింది కాదు, చుక్క చుక్క కొట్టింది. ప్లేటున్నన్ని రోజులుంటది."

ఆ రోజు నేను గట్టిగా చెప్పగలిగిన మాట అదొక్కటే. ఆమె అక్షరాల మీద బొటనవేలు పోనిచ్చి చూసింది. "అయినా గీ ఒక్కటి చేత్తోనే కడుగుత," అని నల్లా కింద కడిగి స్టాండ్‌లో పెట్టుకుంది.

మిషన్ గంటకు పైగా నడిచింది. తలుపు తీస్తే వేడి ఆవిరి కొట్టింది. తోమకుండా వేసిన ప్లేట్లకు మరక లేదు. నేను సరిగా పెట్టని ఒక చిన్న గిన్నె మాత్రం ఇంకో దాని కింద ఇరుక్కుపోయి, అడుగున పప్పుతో అట్లాగే వచ్చింది. "గిది నీ పనే సేటూ," అంది టీచరమ్మ, మొదటిసారి నవ్వుతూ.

నల్లబడ్డ గంజు, ప్లేట్లు నేను ఇంటికి తెచ్చాను. మా ఇంటామె చింతపండు నీళ్లలో వాటిని మరగబెట్టి తోమింది. మసి పోయింది గానీ కొత్తప్పటి మెరుపు పూర్తిగా రాలేదు. ఆ వారమే తీసుకుపోయి ఇచ్చాను. అదేమీ పట్టించుకోలేదు ఆమె. మళ్లీ ఇడ్లీలు వేయవచ్చని సంతోషపడింది.

అప్పటి నుంచి సిల్వర్, ఇత్తడి అడిగిన వాళ్లను ఇంట్లో మిషన్ ఉందా అని అడుగుతున్నాను. మాటలతో నమ్మరని, టీచరమ్మ ఇచ్చిన ఖాళీ పొడి డబ్బాను కౌంటర్ మీద పెట్టుకున్నాను. వెనుక రాసి ఉన్నదాన్ని వాళ్లనే చదవమంటాను. కొందరు చదివి స్టీలు తీసుకుపోతారు. కొందరు డబ్బా తిప్పి తిప్పి చూసి, ఈ పొడి ఎంతకిస్తావని అడుగుతారు.