రెండు పొయ్యిల ఇల్లు

2023. భూపాలపల్లిలో ఒక డిగ్రీ కాలేజీ. నేను గెస్ట్ లెక్చరర్‌ని. పేరుకు అతిథినే, మర్యాదలు మాత్రం ఉండవు. చెప్పేది ఆంత్రోపాలజీలో రీసెర్చ్ మెథడ్స్, అంటే మనుషుల దగ్గరికి వెళ్లి, అడిగి, విని, రాసే పద్ధతులు. పుస్తకంలో ఉదాహరణలన్నీ ఆఫ్రికా పల్లెలవి. అక్కడ పరిశోధకుడు గుడారం వేసుకుని ఏళ్లు గడుపుతాడు. మా పిల్లలకున్నది బస్‌పాస్. అందుకే మా ఫీల్డ్‌వర్క్ గని కార్మికుల క్వార్టర్స్ లైన్లు దాటేది కాదు.

ఫైనలియర్ మౌనిక ప్రాజెక్టుకు తన మేనత్తనే ఎంచుకుంది. మిగతావాళ్ల ప్రాజెక్టులు చదివితే నిద్ర వచ్చేది. ఆమెది చదివితే పోయింది. గనిలో పనిచేసే భర్త జబ్బుపడి దిగిపోతే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఆయన పోయిన కొన్నాళ్లకు అదే ఇంట్లో తల్లికి వేరు పొయ్యి వచ్చింది. వెనక వరండాలో ఒక్కతే వండుకుంటోంది. మౌనికకు ఫస్ట్ క్లాస్ ఖాయమనుకున్నాను. ఫస్ట్ క్లాస్ వస్తే పీజీకి హైదరాబాద్ పంపుతానని వాళ్ల నాయిన మాట.

ప్రాజెక్టు ఇవ్వబోయే ముందు మేనత్త ఫోన్ చేసింది. మౌనిక నా ముందే స్పీకర్ పెట్టింది.

"బిడ్డా, గా పొయ్యి ముచ్చట తీసెయ్."

"లైన్ల అందరికీ ఎరికేనాయె అత్తమ్మా!"

"ఎరికే. కానీ ఎవ్వలూ అనరు. నువ్వు రాస్తే అన్నట్టే గదా. రేపు కొడుకు అడిగితే ఏ మొఖం పెట్టుకొని గా ఇంట్ల ఉండాలె?"

ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్ అంటే అన్నీ తెలిసి ఇచ్చే ఒప్పుకోలు. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఏటా చెప్తాను; రెండు మార్కుల ప్రశ్న. నిజంగా ఎవరైనా తీసుకుంటారని నాకు తోచలేదు.

"పేరు మార్చు," అన్నాను.

"ఎప్పుడో మార్చిన సార్. మా లైన్ల రెండు పొయ్యిలున్న ఇల్లు గదొక్కటే. పొయ్యి గూడ మార్సాల్నా?"

పుస్తకంలోని పరిశోధకుడు రాసుకుని తన దేశం వెళ్లిపోతాడు. మౌనిక రాసుకుని మేనత్త ఇంటి ముందు నుంచే రోజూ కాలేజీకి రావాలి. పొయ్యి సంగతున్న మూడో చాప్టర్ మొత్తం తీసేసింది. నేను ఆపలేదు, ఆపే ఓపికా లేదు.

వైవాకు వచ్చిన ఎగ్జామినర్ పేజీలు తిప్పి, "డేటా ఏదమ్మా?" అన్నాడు.

"ఇచ్చినామె వాపస్ తీస్కున్నది సార్."

ఆయన మెల్లగా కళ్లజోడు తీశాడు. చలించిపోయాడనుకున్నాను. తుడిచి పెట్టుకుని పాస్ మార్కులు వేశాడు.

ఫస్ట్ క్లాస్ తప్పింది. మౌనిక హైదరాబాద్ పోలేదు. మేనత్త అదే ఇంట్లో ఉంది.

ఇప్పుడు ఆ రెండు మార్కుల ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను. పేరు మార్చడం తేలిక, మనిషిని దాచడం కష్టం అని చెప్తున్నాను. అన్నట్టు, మౌనిక అసలు పేరు కాదు. మేనత్త మేనత్త కాదు. పొయ్యిల సంగతీ నేను మార్చిందే. అసలు జరిగింది ఆ లైన్లో అందరికీ తెలుసు. నేను అనను.